అట్లాంటిక్ చప్పబడితే బంగాళాఖాతం ఉప్పెక్కింది: హిమయుగాల నాటి సముద్రం కథ

పోయిన ఎపిసోడ్‌లో హిమయుగాలు ఎందుకు వస్తాయి, ఎందుకు పోతాయి అని మాట్లాడుకున్నాం కదా. ఇవాళ్టిది దానికి కొనసాగింపు. భూమ్మీద మంచు పెరిగినప్పుడూ, కరిగినప్పుడూ సముద్రం లోపల ఏం జరిగింది? నీళ్లలో ఉప్పు ఎంత మారింది? ఆ ఉప్పు వల్ల సముద్ర ప్రవాహాలు ఎలా మారాయి? ఇదంతా ఎక్కడో ధ్రువాల దగ్గరి గొడవ అనుకోకండి. ఇందులో మన బంగాళాఖాతం ఉంది, గోదావరి మొగ ఉంది, చివరికి పులస చేప కూడా ఉంది.

ముందు ఒక చిన్న లెక్క. కిలో సముద్రపు నీళ్లు తీసుకుని మొత్తం ఆవిరి చేస్తే సుమారు 35 గ్రాముల ఉప్పు మిగులుతుంది. పుస్తకాల్లో దీన్ని లవణీయత 35 అని రాస్తారు. మనం ఉప్పదనం అనుకుందాం, సులువుగా ఉంటుంది. ఈ 35 సగటు మాత్రమే. అరేబియా సముద్రంలో ఇది 36 దాటుతుంది. బంగాళాఖాతం ఉత్తర భాగంలో వానాకాలం అయ్యాక కొలిస్తే 30 కంటే కిందికి దిగిపోతుంది, నదుల మొగల దగ్గరైతే ఇంకా తక్కువ. ఒకే అక్షాంశాలు, మధ్యలో మన దేశం, అటొక సముద్రం ఇటొక సముద్రం. అయినా ఇంత తేడా! కారణం పెద్ద కష్టమైందేం కాదు. అరేబియా సముద్రంలో పడే వాన కంటే ఆవిరై పోయే నీరు ఎక్కువ. నౌపడలోనో, చినగంజాంలోనో ఉప్పు మళ్లు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇటువైపు బంగాళాఖాతంలో వానా ఎక్కువే, పైగా గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి ఇందులోనే పడతాయి.

కాబట్టి సముద్రం ఉప్పదనం అంటే ఒక రకంగా వాన లెక్కల పుస్తకం. ఎక్కడ వాన ఎక్కువ పడింది, ఎక్కడ తక్కువ పడింది అనేది ఆ నీళ్లలో రాసి ఉంటుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత దీంతో పని ఉంది.

సరే, ఉప్పుకీ ప్రవాహానికీ ఏమిటి సంబంధం? ఉప్పు ఎక్కువైతే నీరు బరువెక్కుతుంది. చల్లబడినా బరువెక్కుతుంది. బరువెక్కిన నీరు కిందికి దిగుతుంది. ఇంట్లో చేసి చూడొచ్చు. ఒక గాజు గ్లాసులో సగం దాకా బాగా ఉప్పు కలిపిన నీళ్లు పోసి, దాని మీద రంగు కలిపిన మంచినీళ్లు చెంచాతో మెల్లగా వదలండి. రెండూ కలవకుండా చాలాసేపు అలాగే పొరలుగా నిలబడతాయి.

ఇప్పుడు ఈ గ్లాసును మహాసముద్రం అంత చేసుకోండి. అట్లాంటిక్ మహాసముద్రంలో ఉష్ణ ప్రాంతాల నుంచి గోరువెచ్చని, ఉప్పెక్కిన నీరు పైపొరలో ఉత్తరానికి వెళుతుంది. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ చుట్టుపక్కలకు చేరేసరికి చలిగాలులకు వేడి వదిలేసి చల్లబడుతుంది. ఉప్పు ఎటూ ఉంది, ఇప్పుడు చలి కూడా తోడైంది. దాంతో బరువెక్కి లోతుకు దిగిపోయి, అడుగు నుంచి మళ్లీ దక్షిణానికి ప్రయాణం కడుతుంది. పైన ఉత్తరానికి, కింద దక్షిణానికి, ఒక గిలకకు వేసిన తాడులాగా తిరుగుతూ ఉంటుందన్నమాట. దీన్ని శాస్త్రవేత్తలు పొట్టిగా ఆమాక్ అంటారు. మనమూ అదే వాడదాం.

ఎంత నీరు ఇందులో తిరుగుతుంది? ఉత్తర అక్షాంశం 26.5 డిగ్రీల దగ్గర, అట్లాంటిక్‌కు అడ్డంగా పరికరాలు పెట్టి 2004 నుంచి కొలుస్తున్నారు. సగటున సెకనుకు సుమారు 1.7 కోట్ల ఘనపు మీటర్లు. ఈ అంకె వింటే మనకేం అర్థం కాదు. మన భాషలో క్యూసెక్కుల్లోకి మారిస్తే 60 కోట్ల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహా వరద గుర్తుందా, మీకు కాకపోతే మీ పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ధవళేశ్వరం దగ్గర అప్పుడు వచ్చింది 35 లక్షల క్యూసెక్కులు. అలాంటి వరదలు ఓ 170 కలిపితే ఎంతో, అంత నీరు ఏడాది పొడవునా ఆగకుండా తిరుగుతోంది.

మరి ఇంత పెద్ద చక్రాన్ని ఏదైనా ఆపగలదా? ఆపగలదు, మంచినీళ్లు ఆపగలవు. ఉత్తర అట్లాంటిక్ పైపొరలోకి కరిగిన మంచు నీరు ఎక్కువగా వచ్చి పడిందనుకోండి. పైనీరు చప్పబడుతుంది. ఎంత చల్లబడినా కిందికి దిగేంత బరువు రాదు. దిగడం తగ్గితే దక్షిణం నుంచి ఉప్పునీరు లాగడం కూడా తగ్గుతుంది. ఉప్పునీరు రాకపోతే ఉత్తరాన నీరు ఇంకా చప్పబడుతుంది. అంటే ఒకసారి జారడం మొదలైతే అదే ఇంకా జారేలా చేస్తుంది. 1961లో హెన్రీ స్టోమెల్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త రెండే రెండు పెట్టెల నమూనాతో ఈ విషయం చూపించాడు. ఒక పెట్టెలో వెచ్చని ఉప్పునీరు, ఇంకోదాంట్లో చల్లని చప్పనీరు. ఇలాంటి ఏర్పాటు రెండు స్థితుల్లో నిలబడగలదనీ, ఒకదాన్నుంచి ఇంకోదానికి హఠాత్తుగా దూకగలదనీ ఆయన లెక్క. అప్పట్లో దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నన్నడిగితే సముద్ర శాస్త్రంలో ఇంత చిన్న లెక్కతో ఇంత పెద్ద విషయం చెప్పిన పేపరు ఇంకోటి దొరకడం కష్టం.

ఇది కాగితం మీది లెక్కేనా, నిజంగా జరిగిందా? ఇక్కడి నుంచి పాత వాతావరణ చక్రాల్లోకి వెళదాం.

భూమి కక్ష్యలో, వాలులో, ఊగడంలో మెల్లమెల్లగా మార్పులు వస్తుంటాయని, వాటి వల్లే మంచు యుగాలు వచ్చిపోతాయని సెర్బియా శాస్త్రవేత్త మిలుటిన్ మిలాంకోవిచ్ చెప్పిన సంగతి పోయినసారి చూశాం. సుమారు 23,000 ఏళ్లు, 41,000 ఏళ్లు, లక్ష ఏళ్లు, ఇవీ ఆ తాళాలు. అప్పుడు చెప్పడం కుదరని ఒక్క ముక్క ఇప్పుడు చెబుతాను. ఈ తాళాలు నిజంగా ఉన్నాయని 1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ అనే ముగ్గురు నిరూపించారు. వాళ్లకు ఆ సాక్ష్యం దొరికింది హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలోని అడుగు బురదలో.

మనకు దగ్గరలోని హిమయుగం సుమారు 21,000 ఏళ్ల కిందట బాగా ముదిరింది. ఉత్తర అమెరికా మీద, ఉత్తర యూరప్ మీద కిలోమీటర్ల మందం మంచు. ఆ మంచంతా సముద్రం నుంచి వెళ్లిన నీరే కాబట్టి సముద్ర మట్టం ఇప్పటి కంటే 120 మీటర్లకు పైగా దిగిపోయింది. నీరు వెళ్లింది, ఉప్పు మాత్రం సముద్రంలోనే ఉండిపోయింది. సముద్రం సగటు లోతు సుమారు 3,700 మీటర్లు. అందులో 120 మీటర్లు పోతే 3 శాతం నీరు తగ్గినట్టు. అంటే 35 ఉన్న ఉప్పదనం 36 అయింది. సాంబారు మరిగి చిక్కబడితే ఉప్పు తేలినట్టే, ఇందులో మర్మమేం లేదు.

అసలు విశేషం ఏమిటంటే ఈ ఉప్పు అన్నిచోట్లా సమానంగా పెరగలేదు. లోతు సముద్రం అడుగు బురదలో, రేణువుల సందుల్లో అప్పటి నీరు ఇంకా చిక్కుకుని ఉంది. దాన్ని పిండి కొలిచారు. 2002లో ఈ ఫలితాలు వచ్చాయి. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రం అడుగున ఉప్పదనం అప్పట్లో 37 దాటిందట. అంటార్కిటికా దగ్గర సముద్రం గడ్డకట్టేటప్పుడు మంచు ఉప్పును తనలో ఉంచుకోదు, బయటికి నెట్టేస్తుంది. అలా నెట్టేసిన చిక్కటి ఉప్పునీరు అడుక్కి దిగి పేరుకుంది. ఈ రోజుల్లో లోతు సముద్రంలో పొరల మధ్య తేడా ఎక్కువగా వేడి వల్ల వస్తే, ఆనాడు ఉప్పు వల్ల వచ్చింది. అడుగున బరువైన ఉప్పునీరు మూతపెట్టినట్టు ఉండిపోవడంతో, అందులో కరిగిన బొగ్గుపులుసు వాయువు కూడా పైకి రాకుండా చాలాకాలం దాగి ఉండిపోయిందని చాలామంది అభిప్రాయం.

ఎర్ర సముద్రం గతి ఇంకా ఘోరం. దానికి బయటి సముద్రంతో ఉన్న దారి బాబ్ ఎల్ మాందెబ్ దగ్గర ఒక ఇరుకు సందు. అక్కడ గడప లోతు ఇప్పుడు 137 మీటర్లు. సముద్ర మట్టం 120 మీటర్లు దిగితే ఇక గడప మీద మిగిలిందెంతో మీరే చూడండి. బయటి నీరు వచ్చేది తగ్గింది, ఎండ మాత్రం తగ్గలేదు. ఉప్పదనం 50 దాకా పోయింది. సముద్రం పైపొరలో తేలుతూ బతికే సన్నజీవులు చాలా రకాలు అక్కడ తుడిచిపెట్టుకుపోయాయి. ఆ కాలపు బురద పొరల్లో వాటి గుల్లలు దాదాపు కనబడవు.

ఇప్పుడు మళ్లీ అట్లాంటిక్‌కు వద్దాం. 1988లో హార్ట్‌మూట్ హైన్రిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక సంగతి బయటపెట్టాడు. ఉత్తర అట్లాంటిక్ మధ్యలో, తీరానికి ఎంతో దూరంలో, అడుగు బురదలో అక్కడక్కడా రాళ్లూ గులకలూ ఉన్న పొరలు వస్తున్నాయి. నడిసముద్రంలోకి రాళ్లెలా వచ్చాయి? మంచుకొండలు మోసుకొచ్చాయి. హిమయుగం జరుగుతుండగానే కొన్ని వేల ఏళ్లకోసారి ఉత్తర అమెరికా మంచు పలక విరిగి, మంచుకొండల దండు సముద్రంలోకి వచ్చి కరిగిపోయింది. అవి కరిగిన నీరు సముద్రం మీద చప్పటి పొరలా పరుచుకుంది. స్టోమెల్ చెప్పిందే జరిగింది, ఆమాక్ బాగా బలహీనపడింది. ఆ తర్వాత హిమయుగం ముగుస్తున్న దశలో, సుమారు 12,900 ఏళ్ల కిందట, కరిగిన మంచు సరస్సుల నీరు మళ్లీ సముద్రంలోకి దూకింది. ఉత్తర అట్లాంటిక్ చుట్టుపక్కల మళ్లీ 1,200 ఏళ్లు చలి. ఆ నీరు ఏ దారిన వెళ్లిందనే దాని మీద ఇంకా వాదన నడుస్తోంది. 2004లో వచ్చిన ‘ద డే ఆఫ్టర్ టుమారో’ సినిమా పుట్టింది ఈ ఊహలోంచే. కాకపోతే సినిమాలో రోజుల్లో అయిపోతుంది, అది నమ్మకండి. నిజంగా జరిగినప్పుడు దశాబ్దాలు, శతాబ్దాలు పట్టింది. భూమి లెక్కలో అదీ హఠాత్తే.

ఇప్పుడు మన సంగతి. అట్లాంటిక్ చప్పబడితే బంగాళాఖాతానికేం? ఉత్తరాన చల్లబడితే భూమధ్యరేఖ దగ్గరి వాన పట్టీ దక్షిణానికి జరుగుతుంది. ఆసియా ఖండం కూడా చల్లబడుతుంది. భూమికీ సముద్రానికీ వేడిలో తేడా ఉంటేనే కదా మన నైరుతి రుతుపవనం బలంగా వచ్చేది! ఆ తేడా తగ్గితే రుతుపవనం నీరసిస్తుంది. వాన తగ్గుతుంది, నదులు తగ్గుతాయి. నదులు తగ్గితే బంగాళాఖాతం ఉప్పెక్కుతుంది. అక్కడ సముద్రం చప్పబడటం, ఇక్కడ సముద్రం ఉప్పెక్కడం రెండూ ఒకే తాడుకు రెండు కొసలు.

ఇదంతా ఎలా కనిపెట్టారు అనేది చెప్పకుండా వదిలేస్తే కథలా ఉంటుంది. సముద్రం పైపొరలో ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులు ఉంటాయి. ఇసుక రేణువంత గుల్ల కట్టుకుంటాయి, చచ్చాక అడుగుకు రాలతాయి. ఏటా బురద పడుతూ వాటిని కప్పేస్తుంది. గొట్టం దించి ఆ బురదను పైకి తీస్తే పైన కొత్తవి, కింద పాతవి. ఆ గుల్లలో రెండు రకాల ఆక్సిజన్ ఉంటుంది, తేలికది, బరువుది. ఆవిరయ్యేటప్పుడు తేలికది ముందు లేచిపోతుంది, అందుకని వాననీటిలో, నదుల నీటిలో తేలికది ఎక్కువ. వాన బాగా పడిన కాలంలో కట్టిన గుల్లలో తేలికది ఎక్కువ, ఎండు కాలంలో బరువుది ఎక్కువ. చిక్కేమిటంటే నీరు చల్లబడినా బరువుదే పెరుగుతుంది. అందుకని అదే గుల్లలో మెగ్నీషియం ఎంతుందో కొలుస్తారు. నీరు వెచ్చగా ఉంటే మెగ్నీషియం ఎక్కువ చేరుతుంది కాబట్టి వేడి ఎంతో తెలుస్తుంది. వేడి వాటా తీసేసి, మంచు పలకల వాటా తీసేస్తే, మిగిలింది ఆ చోటి ఉప్పదనం. ఇది అంచనాయే, థర్మామీటర్ పెట్టి చూసినంత ఖచ్చితం కాదు. అయినా వేర్వేరు చోట్ల తీసిన బురద ఒకే మాట చెబుతుంటే నమ్మక తప్పదు.

ఏం చెప్పిందా బురద? 1982లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త డ్యూప్లెసీ చూపించాడు. హిమయుగం ముదిరిన కాలంలో బంగాళాఖాతం ఉత్తరానికీ దక్షిణానికీ ఇప్పుడున్నంత ఉప్పు తేడా లేదు. అంటే గంగా బ్రహ్మపుత్రల నీరు అంతగా రావడం లేదన్నమాట. తర్వాత ఉత్తర బంగాళాఖాతంలో, అండమాన్ సముద్రంలో తీసిన బురదలో ఇంకా సన్నని వివరాలు దొరికాయి. అట్లాంటిక్‌లో మంచుకొండలు కరిగిన కాలాల్లో ఇక్కడ ఉప్పదనం పెరిగింది. అక్కడ చక్రం కోలుకున్నాక ఇక్కడ వానలు తిరిగొచ్చాయి, నీరు చప్పబడింది. వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు సముద్రాలు ఒకదాని తాళానికి ఇంకోటి ఆడాయి.

ప్రవాహాలు కూడా మారాయి. ఇప్పుడు మన తీరం వెంట ప్రవాహం ఏడాదిలో రెండుసార్లు దిక్కు మారుస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి. ఆ దక్షిణ ప్రవాహమే నదుల చప్పనీటిని ఆంధ్ర, తమిళనాడు తీరాల వెంట మోసుకెళుతుంది. చలికాలంలో శ్రీలంక చుట్టూ తిరిగి కొంత కేరళ వైపు అరేబియా సముద్రంలోకి కూడా చేరుతుంది. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల శాస్త్రవేత్తలు 1990లో అరేబియా సముద్రం తూర్పు భాగపు బురద చూసి, హిమయుగంలో ఈ చలికాలపు ప్రవాహం ఇప్పటి కంటే బలంగా ఉండేదని తేల్చారు. నైరుతి నీరసించింది, ఈశాన్యం బలిసింది. వచ్చే చప్పనీరు తక్కువే, కానీ దాన్ని తోసే గాలి ఎక్కువ.

ఇక మన గోదావరి. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే నౌక కృష్ణా గోదావరి బేసిన్‌లో సముద్రం అడుగు తవ్వింది. అసలు పని గ్యాస్ హైడ్రేట్ల కోసం. కానీ గోదావరి మొగ ఎదుట తీసిన ఒక బురద స్తంభం వాన చరిత్ర వెతికేవాళ్లకు నిధి అయింది. గత 10,000 ఏళ్లలో గోదావరి మోసుకొచ్చిన ఆకుల మైనం అందులో దొరికింది. ఏ కాలంలో ఎలాంటి మొక్కలున్నాయో దాన్నిబట్టి చెప్పొచ్చు. 2012లో వచ్చిన ఫలితం ప్రకారం 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా గోదావరి పరీవాహకంలో కరువును ఓర్చుకునే మొక్కలు మెల్లగా పెరుగుతూ వచ్చాయి, తర్వాత అలాగే నిలబడిపోయాయి. అదే స్తంభంలోని గుల్లలు చూస్తే గత 3,000 ఏళ్లలో ఉప్పదనం ఉన్నట్టుండి పెరిగిన ఘట్టాలు కనబడ్డాయి. మన దక్కన్ పీఠభూమికి ఇప్పుడున్న ముళ్లచెట్ల రూపు మెల్లగా, మధ్యమధ్య కరువు దెబ్బలు తింటూ వచ్చిందన్నమాట.

అదే నౌక 2014 నవంబర్‌లో మళ్లీ వచ్చింది, ఈసారి వాన చరిత్ర కోసమే. 2025లో నేచర్ జియోసైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన బంగాళాఖాతంలో గత 22,000 ఏళ్లకు పైగా రుతుపవనాన్నీ, సముద్రంలోని జీవాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. 17,500 నుంచి 15,500 ఏళ్ల కిందట, అట్లాంటిక్‌లో మంచుకొండలు కరిగిన కాలంలో, రుతుపవనం బాగా నీరసించింది, సముద్రంలో మేత తగ్గిపోయింది. ఇది మనం ఊహించేదే. 10,500 నుంచి 9,500 ఏళ్ల కిందట రుతుపవనం విపరీతంగా బలపడింది, అప్పుడూ మేత తగ్గిపోయింది. ఇది ఊహించనిది. ఇందాకటి గ్లాసు గుర్తు చేసుకోండి. నదుల మంచినీరు మరీ ఎక్కువైతే పైన మూతలా పరుచుకుంటుంది. కింద ఉన్న పోషకాలు పైకి రావు. పైన వెలుతురుంది, కింద ఎరువుంది, రెండూ కలవవు. గాలి మరీ తక్కువైతే కలిపేవాళ్లే లేరు. మధ్యస్థంగా ఉంటేనే బంగాళాఖాతం పండుతుంది.

దీని మీద ఎవరి కడుపు ఆధారపడిందో చూడండి. ప్రపంచ సముద్రాల్లో బంగాళాఖాతం 1 శాతం కూడా ఉండదు. కానీ ప్రపంచంలో పట్టే చేపల్లో దాదాపు 8 శాతం ఇక్కడివేనని ఆ పరిశోధకులే రాశారు. సముద్రంలో విలస, గోదావరిలోకి ఎదురెక్కితే పులస అని మనం ముచ్చటగా చెప్పుకునే చేప తినేది ఈ సన్నని మేతనే. వేటకు వెళ్లేవాళ్లు ‘వలకు పడటం లేదు’ అన్నప్పుడు ఎక్కువ పట్టడం, ట్రాలర్లు, కాలుష్యం ఇవన్నీ కారణాలే, కాదనను. వాటి కింద నీటి పొరల సంగతి ఒకటి నడుస్తుంటుంది, దాన్ని మనం లెక్కలోకి తీసుకోవడం లేదు. ఆ మూతకు ఇంకో గుణం కూడా ఉంది. అది పైనీటిని వెచ్చగా ఉంచుతుంది. అక్టోబర్, నవంబర్ తుపాన్లు సముద్రాన్ని చిలికినా కింది చల్లనీరు తేలిగ్గా పైకి రాదు, తుపానుకు వేడి అందుతూనే ఉంటుంది.

మరి ముందు ముందు? 2021 నాటి ఐపీసీసీ నివేదిక ప్రకారం ఈ శతాబ్దంలో ఆమాక్ బలహీనపడటం దాదాపు ఖాయం. 2100 లోపల హఠాత్తుగా కూలిపోకపోవచ్చు అన్నారు గానీ, ఆ మాట మీద వాళ్లకే మధ్యస్థ నమ్మకం. మరోవైపు భూమి వేడెక్కుతున్నకొద్దీ మన రుతుపవనంలో వాన పెరుగుతుందని నమూనాలు చెబుతున్నాయి. ఒకటి మన సముద్రాన్ని ఉప్పెక్కించే వైపు లాగుతుంది, ఇంకోటి చప్పబరిచే వైపు. పాత చక్రాలు నేర్పిన దాన్నిబట్టి ఏ వైపు మరీ ఎక్కువ లాగినా చేపకు నష్టమే.

ఇప్పుడు ఈ ఉప్పదనాన్ని ఎవరు చూస్తున్నారు అంటారా? ఆర్గో అని గొట్టాల్లాంటి తేలే పరికరాలు ప్రపంచ సముద్రాల్లో దాదాపు 4,000 ఉన్నాయి. ఒక్కోటీ 2,000 మీటర్ల లోతుకు దిగి, పది రోజులకోసారి పైకి వస్తూ దారిలో వేడినీ ఉప్పునూ కొలిచి ఉపగ్రహానికి పంపిస్తుంది. హిందూ మహాసముద్రంలోని వాటి లెక్కలు చేరేది హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌కి. ఆ లెక్కలు ఎవరైనా చూడొచ్చు. వచ్చే ఎపిసోడ్‌లో బంగాళాఖాతంలోని ఒక ఆర్గో పంపిన ఏడాది లెక్కలు తెర మీద పెట్టుకుని, వానకు ముందూ వెనకా నీరు ఎలా మారిందో కలిసి చదువుదాం.